పద్నాలుగో పచ్చదీపం

పద్నాలుగోసారి కూడా పచ్చదీపమే వెలిగింది.

అద్దం అవతల కుర్చీలో ఉన్న సన్యాసిరావు నుదుటి పట్టీ విప్పి, ఇవతల నిలబడ్డ కూతురి వైపు కనుబొమలు ఎగరేశాడు. హైమ గట్టిగా ఊపిరి వదిలింది. ఆయన పనిచేసిన చక్కెర మిల్లు మూతపడి పద్దెనిమిది నెలలు. పదమూడు కంపెనీలు పచ్చదీపం చూసి కూడా, మనిషికి యాభై మూడేళ్ళని తెలిశాక వెనక్కి తగ్గాయి. పద్నాలుగోది అనకాపల్లి అవతల ఉన్న ఓ రసాయనాల ఫ్యాక్టరీ. దాని తరఫున వచ్చిన అధికారి లేచి సన్యాసిరావుకి చెయ్యి అందించాడు.

“సోమవారం బి-షిఫ్ట్. మధ్యాహ్నం రెండింటికి బాయిలర్ దగ్గరుండాలి.”

“ఒంటిగంటకే ఉంటానండి,” అన్నాడు సన్యాసిరావు.

మధురవాడలో ధ్రువ కేంద్రం తెరిచి పందొమ్మిది నెలలైంది. అప్పటినుంచి విశాఖలో ఏ పెద్ద కంపెనీ కూడా ఉత్త రెజ్యూమేని నమ్మడం లేదు. రెజ్యూమేలో రాసిన వాక్యాన్ని ధ్రువ కుర్చీలో కూర్చుని, నుదుటికి పట్టీ కట్టుకుని పైకి చదవాలి. ఆ పని నిజంగా చేసినవాడైతే చదువుతున్నప్పుడు ఆ జ్ఞాపకం కదులుతుంది. పట్టీ దాన్ని పట్టుకుంటుంది. పచ్చదీపం. జ్ఞాపకం లేకపోతే ఎర్రదీపం. ఆ ఉదయమే ఒకాయన ‘నలభై మంది మీద సూపర్‌వైజర్‌గా పనిచేశాను’ అని చదివితే ఎర్రదీపం వెలిగింది. ‘నలుగురు’ అని దిద్దుకుని చదివాడు. పచ్చ.

హైమ పని అక్కడే, ముందు గదిలో. వచ్చినవాళ్ళ చేత రెజ్యూమే రాయించడం. ఇరవై ఆరేళ్ళ హైమ చెయ్యి పడిన రెజ్యూమేకి ఉద్యోగం ఖాయమని ఊళ్ళో పేరు.

“కష్టపడి పనిచేసే మనస్తత్వం అని రాశావు. తీసెయ్,” అనేది ఎదురుగా ఉన్నవాళ్ళతో.

“అది నిజమే కదా మేడం?”

“ఎద్దు కూడా రాసుకోవచ్చు ఆ మాట. నువ్వేం చేశావో చెప్పు. ఎంతమందికి, ఎన్ని రోజుల్లో. చదివేవాడు నీ కాగితం మీద ఆరు సెకన్లు ఉంటాడు. నీ బతుకులో అన్నిటికన్నా గొప్ప పని మొదటి వాక్యంలో ఉండాలి. ఏ ఉద్యోగానికెళ్ళినా అదే ముందు పెట్టు.”

కంపెనీలన్నీ మొదటి వాక్యాన్నే కుర్చీలో పరీక్షించేవి. ఒక్కోసారి రెండోదాన్ని కూడా. ఒక్కోటీ ఐదేసిసార్లు చదివించేవి.

తండ్రి మొదటి వాక్యాన్ని హైమ ఒక ఆదివారమంతా కూర్చుని చెక్కింది. ‘గేజి గ్లాసులో నీటిమట్టం అదృశ్యమైన అత్యవసర స్థితిలో, నా నాయకత్వంలోని బృందం మూడు నిమిషాల్లో బాయిలర్‌ను సురక్షితంగా నిలిపివేసి, అరవై రెండు మంది ప్రాణాలను కాపాడింది.’

రాసిన రోజు సన్యాసిరావు దాన్ని రెండుసార్లు చదువుకుని, “ఇది నేనేనేటి?” అని మురిసిపోయాడు.

*

ఆ శనివారం సాయంత్రం గాజువాకలో వాళ్ళ ఇంటి వరండా నిండిపోయింది. హైమ తల్లి నూకరత్నం పక్కిళ్ళవాళ్ళందరినీ పిలిచి మైసూర్‌పాక్ పంచింది. ఇచ్చినవాళ్ళకే మళ్ళీ ఇస్తోంది.

“ఏవండీ, ఆ బాయిలర్ కథ సెప్పండి. ఈళ్ళు కొత్తగా అద్దెకొచ్చినోళ్ళు. ఇన్లేదు.”

హైమ మైసూర్‌పాక్ తింటూ గోడకి ఆనుకుని కూర్చుంది. ఆ కథ ఆమెకి పుట్టినప్పటినుంచీ తెలుసు. చెప్పడం మొదలెడితే నాన్న అరగంట ఆగడు. గాజు గొట్టం ఖాళీ అవడం చూసి గుండె ఎలా జారిందో, మేనేజరు మీద ఎలా అరిచాడో, బొగ్గు పొయ్యి తలుపు మూతపడ్డప్పుడు ఎలాంటి చప్పుడయిందో చేతులూపుతూ, లేచి నడుస్తూ చెబుతాడు. నడుమ నూకరత్నం అందుకుని రెండు మాటలు చెబితే, “నువ్వున్నావేటే అక్కడ?” అని కసురుతాడు.

సన్యాసిరావు గొంతు సవరించుకున్నాడు.

“గేజి గ్లాసులో నీటిమట్టం అదృశ్యమైన అత్యవసర స్థితిలో, నా నాయకత్వంలోని బృందం మూడు నిమిషాల్లో బాయిలర్‌ని సురక్షితంగా నిలిపివేసి, అరవై రెండు మంది ప్రాణాలను కాపాడింది.”

ఆగాడు. అంతే.

అద్దెకొచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మర్యాదకి “ఓహో” అన్నారు.

“ఇదేటండీ, పేపరు సదివినట్టు సెప్పీసినారు?” నూకరత్నం నవ్వింది. “ఆ తర్వాత?”

“తర్వాతేటి? అదే కత.”

“మరి మేనేజర్ని తిట్టినారు కదా?”

“నేనా?” సన్యాసిరావు నవ్వబోయాడు. “ఎప్పుడు?”

హైమ నోట్లోని మైసూర్‌పాక్ అలాగే ఉండిపోయింది.

“నాన్నా,” అంది మెల్లగా, “గ్లాసులో నీళ్ళు కనపడకుండా పోయాయి. పొయ్యి మండుతోంది. అప్పుడేం చేస్తారు?”

“ఏటడుగుతున్నావమ్మా? నీళ్ళు తగ్గితే నీళ్ళు ఎక్కించాల. పంపు ఏస్తాను.”

నూకరత్నం చేతిలో పళ్ళెం ఒరిగింది.

“ఎక్కించకూడదు కదండీ,” అంది. “ఇన్నేళ్ళూ మీరే సెప్పినారు. అప్పుడు చుక్క నీళ్ళు పోసినా బాయిలర్ పేలిపోతాదని. మంట ఆపాలని.”

సన్యాసిరావు భార్యకేసి చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం ముందు రాలేదు. ముందు వచ్చింది వెతుకులాట. ఇంట్లోనే పెట్టిన వస్తువు పెట్టినచోట లేకపోతే మనిషి చూసే చూపు. తర్వాత కోపం వచ్చింది.

“ముప్పై ఏళ్ళు బాయిలర్ దగ్గర బతికినోణ్ణి. నాకు నువ్వు నేర్పుతావేటే?”

లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆదివారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

*

సోమవారం ఎనిమిదిన్నరకల్లా హైమ కేంద్రానికి చేరుకుని తండ్రి ఫైలు తెరిచింది. పద్నాలుగు పరీక్షలు. తెర మీద మొదటిసారి తొంభై ఎనిమిది. చివరిసారి తొంభై. డెబ్బై దాటితే పచ్చ. అనుమానించడానికి ఏమీ లేదు.

కానీ ఆ అంకె దేనితో పోల్చినది?

హైమ వేళ్ళు ఆగాయి. ప్రతి సోమవారం ఉదయం తొమ్మిదింటికి కుర్చీని సరిచూస్తారు. కుర్చీని కనిపెట్టిన డాక్టర్ విశ్వంభర్ స్వయంగా అందులో కూర్చుని తన వాక్యం చదువుతాడు. మొదటి కుర్చీ మొదటిసారి పనిచేసిన రోజు గురించిన వాక్యం. అంతకంటే గట్టి జ్ఞాపకం తనకి లేదని ఆయనే ఎంచుకున్నాడు. ఆ వారమంతా ఆ జ్ఞాపకమే నూరు. మిగతా అందరినీ దానితోనే కొలుస్తారు. ఎవరైనా దాన్ని మించితే తెర నూరు దగ్గరే ఆగుతుంది.

ఆమె పోలిక తీసేసి, పట్టీ నుంచి వచ్చిన అసలు రీడింగులు తెరిచింది.

తండ్రిది మొదటిసారి తొంభై ఎనిమిది. రెండోసారి తొంభై మూడు. ఆరోసారి డెబ్బై నాలుగు. పదోసారి యాభై ఐదు. పద్నాలుగోసారి ముప్పై ఆరు.

కుర్చీ జ్ఞాపకాన్ని చూడటం లేదు. అరగదీస్తోంది. చదివించినప్పుడల్లా ఒక పొర. వాక్యం మిగులుతుంది, పని పోతుంది.

ఆమె వెంటనే ఇంకో ఫైలు తెరిచింది. డాక్టర్ విశ్వంభర్‌ది. ఎనభై సోమవారాలు. నూరుతో మొదలై, క్రితం సోమవారానికి నలభై.

తొమ్మిదైంది. లోపలి గదిలో ఆయన పట్టీ కట్టుకుంటున్నాడు.

“సార్, చదవకండి!”

ఆయన తలెత్తాడు. అరవై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ తెల్లచొక్కా. “ఏమైంది హైమా?”

“ఒక్కటి చెప్పండి సార్. మొదటి కుర్చీ పనిచేసిన రోజు ఏం జరిగింది?”

“మూడేళ్ళ పరిశోధన ఫలితంగా, నేను రూపొందించిన మొదటి నమూనా, మానవ జ్ఞాపకాన్ని విజయవంతంగా...”

“అది మీ వాక్యం సార్. ఆ రోజు సంగతి అడుగుతున్నాను. గదిలో ఎవరున్నారు? పట్టీలో ఆ చిన్న తీగచుట్ట ఎందుకు పెట్టారు? అది లేకపోతే ఏమవుతుంది?”

డాక్టర్ విశ్వంభర్ పట్టీని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. తీగచుట్ట మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. చాలాసేపు నొక్కుతూనే ఉన్నాడు.

“నాకు తెలీదు,” అన్నాడు చివరికి. “రెండు నెలలుగా తెలీడం లేదు. పని ఒత్తిడి అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.” గొంతు తగ్గింది. “దీన్ని తయారుచేసింది నేనేనని కాగితం చెబుతోందమ్మా. నేను ఆ కాగితాన్ని నమ్ముతున్నాను.”

హైమ రెండు ఫైళ్ళూ ఆయన ముందు పెట్టింది. ఆయన అంకెల వెంట వేలు నడిపాడు. లెక్క చూడటం ఆయన మర్చిపోలేదు.

“మనం ఎంతమందిని కూర్చోబెట్టాం?”

“పదకొండు వేలమంది. ఎక్కువమంది రెండు మూడు సార్లే కూర్చున్నారు. వాళ్ళకి పెద్దగా పోయి ఉండదు. ఉద్యోగం దొరక్క తిరిగి తిరిగి వచ్చినవాళ్ళే సార్...” ఆమె తెర మీద ఫ్యాక్టరీ పేరు కొట్టింది. తండ్రి చేరబోయే చోట బాయిలర్ అటెండెంట్లు నలుగురు. తండ్రి కాక మిగతా ముగ్గురూ ఇక్కడ పాసైనవాళ్ళే. తొమ్మిదిసార్లు, పదకొండుసార్లు, పదహారుసార్లు. ముగ్గురి మొదటి వాక్యమూ ఒకటే రకం, బాయిలర్ ప్రమాదాన్ని ఆపిన రోజు. అందులో ఇద్దరి రెజ్యూమే హైమే రాసింది. బతుకులో అన్నిటికన్నా గొప్ప పని ముందు పెట్టమంది. ముందు పెట్టారు. పోగొట్టుకున్నారు.

ముగ్గురివీ, ఇలాంటివాళ్ళ మరికొందరివీ అసలు రీడింగులు తెరిచి రూఢి చేసుకునేసరికి పదకొండున్నర అయింది. ఆమె ఫ్యాక్టరీకి ఫోను చేసింది. శనివారం వచ్చిన అధికారే ఎత్తాడు.

“మేడం, మీ మిషనే కదా పచ్చ చూపించింది? ఇప్పుడు మీరే కాదంటే ఎలా? మధ్యాహ్నం షిఫ్ట్‌కి మనిషి కావాలి నాకు. రాతపూర్వకంగా పంపండి, చూస్తాం.” పెట్టేశాడు.

ఇంటికి చేసింది. “ఇప్పుడే బస్సెక్కినారు,” అంది నూకరత్నం. “నాతో మాటాడలేదు. టిఫినేనా తిన్లేదు.”

తండ్రి ఫోను మోగి మోగి ఆగిపోయింది.

డాక్టర్ విశ్వంభర్ గోడ దగ్గరికి నడిచి, కుర్చీల గదికి కరెంటు వెళ్ళే పెద్ద స్విచ్చి కిందికి లాగాడు. ముందు గదిలో అప్పటికే వరుసలో ఉన్న పాతికమంది గొణిగారు. ఆయన బల్ల దగ్గరికొచ్చి, కేంద్రం కాగితం మీద చేత్తో నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టాడు. నలుగురి ధ్రువీకరణ రద్దు.

“వెళ్ళు. ఇక్కడివాళ్ళకి నేను చెబుతాను.”

“ఏం చెబుతారు సార్?”

“నిజం. ఇంకేం గుర్తున్నా లేకపోయినా అది చెప్పగలను.”

*

మధురవాడ నుంచి అనకాపల్లి అవతలికి, దారిలో లారీల వరుసలు దాటుకుని హైమ స్కూటర్ ఫ్యాక్టరీ గేటు ముందు ఆగేసరికి రెండున్నర. ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టి లోపలికి వెళ్ళాలి. సెక్యూరిటీ గది అరలో తండ్రి ఫోను కనిపించింది, ఎనిమిది మిస్డ్ కాల్స్‌తో.

“ఎవలు తాలూకా?” అన్నాడు సెక్యూరిటీ.

“మీ మేనేజర్ని పిలవండి. మీ బాయిలర్ అటెండెంట్లు నలుగురి ధ్రువీకరణా రద్దయింది. ఇదిగో కాగితం.”

రద్దు అన్న మాట పనిచేసింది. ఐదు నిమిషాల్లో మేనేజర్ జగ్గారావు హెల్మెట్ సర్దుకుంటూ వచ్చాడు. నిలబడే చదివాడు.

“మీ నాన్న కూడా ఉన్నాడా ఇందులో? ఇదేం తమాషా అమ్మాయ్? ఇప్పుడు ఆవిరి ఆగితే లోపల తయారవుతున్న బ్యాచ్ మొత్తం పోతుంది.”

“ఆపమనడం లేదు సార్. నాతో రండి. ఆయన్ని ఒక్క ప్రశ్న అడుగుదాం. సరైన జవాబు చెబితే నేను వెళ్ళిపోతాను.”

ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం రాలేదు. బాయిలర్ హౌస్ గుమ్మంలో అడుగు పెట్టగానే సన్యాసిరావు కనిపించాడు. గేజి గ్లాసు ముందు నిలబడి ఉన్నాడు. గ్లాసులో నీళ్ళు లేవు.

ఒకటో పంపు తిరుగుతోంది, కానీ నీళ్ళు తోడటం లేదు. దాని ముందుండే జల్లెడ మురికితో మూసుకుపోయింది. రోజూ విప్పి కడగాల్సిన జల్లెడ. నలుగురు అటెండెంట్ల రెజ్యూమేల్లో రెండో వాక్యం ‘నీటి సరఫరా నిర్వహణ’. అదీ కుర్చీలో అరిగిపోయింది. వారాల తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నీళ్ళు తగ్గితే దానంతటదే మంట ఆపే స్విచ్చి ఒకటుంది. మాటిమాటికీ బాయిలర్ ఆగిపోతోందని, ఎప్పుడో అది పనిచేయకుండా తీగ చుట్టేశారు. పొయ్యిలో బొగ్గు ఎర్రగా కణకణలాడుతోంది.

సన్యాసిరావు కుడిచెయ్యి రెండో పంపు స్విచ్చి మీద ఉంది.

“నాన్నా, వద్దు!”

ఆయన వెనక్కి తిరిగాడు. మొహమంతా చెమట. వేళ్ళు మాత్రం స్విచ్చి మీంచి కదల్లేదు.

“నీళ్ళు లేవమ్మా.”

“తెలుసు. వెయ్యకండి. ఆ కుర్చీ మీ జ్ఞాపకాన్ని అరగదీసింది.”

“మరేటి సెయ్యమంటావు? చూస్తా కూకోమంటావా? కాలిపోతాది!”

“వేసెయ్ సన్యాసిరావ్, ఏం చూస్తున్నావ్?” జగ్గారావు అరిచాడు. “నీళ్ళు లేకపోతే నీళ్ళు పెట్టాలి కదా!”

సన్యాసిరావు వేళ్ళు బిగుసుకున్నాయి. ముప్పై ఏళ్ళ అనుభవం అనుకుంటున్నదేదో లోపలినుంచి నొక్కు, నొక్కు అంటోంది. ఎదురు చెప్పే జ్ఞాపకం ఒక్కటీ లేదు. కూతురి మొహం చూశాడు. శనివారం సాయంత్రం, పళ్ళెం పట్టుకుని నిలబడ్డ భార్య మొహం గుర్తొచ్చింది. బాయిలర్ గడప ఎన్నడూ తొక్కని మనిషి. ఒక్క క్షణం ఆలోచించకుండా చెప్పింది.

వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“నా బుర్ర ఎయ్యమంటోందమ్మా,” అన్నాడు. “మీయమ్మ వొద్దంది. నా బుర్రని నేన్నమ్మను.” గొంతు పెంచి హౌసంతా వినపడేలా అరిచాడు. “ఇక్కడ ఆ కుర్చీలో కూకోనోళ్ళెవరైనా ఉన్నారా? ఇలగయితే ఏటి సెయ్యాలో ఎవరికెరిక?”

బూడిద గుంట దగ్గర పారతో నిలబడ్డ మనిషి తలెత్తింది. యాభై దాటిన ఆడమనిషి, తలకి తువ్వాలు, మోచేతుల దాకా బూడిద. పద్నాలుగేళ్ళుగా అదే బాయిలర్ కింద బూడిద ఎత్తుతున్న పోలమ్మ. రెజ్యూమే అన్న మాటతో ఆమెకి ఎన్నడూ పని పడలేదు.

“నీళ్ళు ముట్టకండి బాబూ,” అంది. “గాలి ఆపండి ముందు. ఆ పంకా. బొగ్గు ఎయ్యడం ఆపండి. ఆవిరి చక్రం తిప్పి మూసీయండి, మెల్లగా, ఒక్కసారి కాదు.”

“ఎవర్తె నువ్వు?” అన్నాడు జగ్గారావు. “బ్యాచ్ ఏమవుతుందో తెలుసా?”

“పోతే పోనీండి సార్!” సన్యాసిరావు అప్పటికే పంకా ఆపేశాడు. “తర్వాతేటప్పా?” అక్క వరస కలిపి అడిగాడు.

“పొయ్యి తలుపు తియ్యి.”

ఆమె పార నిండా తడిబూడిద ఎత్తి ఎర్రటి బొగ్గు మీదికి విసిరింది. ఇంకోటి. సన్యాసిరావు గోడకానించిన రెండో పార అందుకున్నాడు. హైమ నీళ్ళ బకెట్టు పట్టుకుని పరిగెత్తుకొస్తే పోలమ్మ కేకేసింది. “ఓ గుంటా! ఓ పిల్లా! పొయ్యిలోకి కాదు, బూడిదలో పొయ్యి!” హైమ బూడిద గుంటలో కుమ్మరించింది. పోలమ్మ విసురుతోంది, సన్యాసిరావు విసురుతున్నాడు. ఎరుపు మీద నలుపు పరుచుకుంటూ పోయింది. జగ్గారావు ఏమనుకున్నాడో, వెళ్ళి ఆవిరి వాల్వు చక్రం పట్టుకుని, ఆమె చెప్పినంత మెల్లగా తిప్పసాగాడు.

మంట చచ్చింది. బాయిలర్ లోపల ఎక్కడో ఇనుము టంగుమంది. నలుగురూ బిగుసుకుపోయారు. మళ్ళీ టంగుమంది. ఆ తర్వాత చాలాసేపటికి ఒకటి. ఆ తర్వాత ఏమీ లేదు.

“అందరూ బయటికి పదండి,” అంది పోలమ్మ. “రేపటిదాకా దీని జోలికి రాకూడదు.”

మర్నాడు ఫ్యాక్టరీల శాఖ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ లోపలికి టార్చి వేసి చూశాడు. పై వరుస గొట్టాలు వడలిన కాడల్లా కిందికి జారి ఉన్నాయి. ఆయన బయటికొచ్చి, “పంపు ఎవరైనా వేశారా?” అని అడిగాడు. లేదన్నారు. “వేసుంటే ఈ ప్రశ్న అడగడానికి మీరెవరూ ఉండరు,” అన్నాడు.

మిగతా ముగ్గురు అటెండెంట్లనీ విడివిడిగా పిలిచి అదే ప్రశ్న అడిగారు. ముగ్గురూ తడుముకోకుండా చెప్పారు, పంపు వేస్తామని.

*

ధ్రువ కుర్చీలు ఆ వారంలోనే ఆగిపోయాయి. డాక్టర్ విశ్వంభర్ తన ఎనభై సోమవారాల రీడింగులు, సన్యాసిరావు పద్నాలుగు పరీక్షలూ పక్కపక్కన పెట్టి పత్రికలవాళ్ళకి ఇచ్చాడు. తనకి ఏమేం గుర్తులేదో వరసగా చెప్పాడు. హైమ ఉద్యోగం పోయింది. ఆమె తన దగ్గరున్న జాబితా ముందేసుకుని, ఐదుసార్లకి పైగా కుర్చీలో కూర్చున్న వెయ్యిన్నూట పదిమందికి ఒక్కొక్కరికే ఫోను చేయడం మొదలుపెట్టింది. వాళ్ళలో నర్సులున్నారు, లారీ డ్రైవర్లున్నారు, కరెంటు స్తంభాలెక్కేవాళ్ళున్నారు. ‘మీ మొదటి వాక్యం చదవకండి. ఆ పని ఎలా చేశారో మీ ఇంట్లోవాళ్ళని అడగండి. వాళ్ళకి మీరు చెప్పే ఉంటారు.’ కొందరు తిట్టారు. కొందరు “ఎవరికీ చెప్పలేదమ్మా” అన్నారు. వాళ్ళ పేర్ల పక్కన గుర్తు పెట్టుకుంది. వాళ్ళతో కలిసి పనిచేసినవాళ్ళని వెతకాలి.

సన్యాసిరావు తన బాయిలర్ సర్టిఫికెట్ తీసుకెళ్ళి ఇన్‌స్పెక్టర్ బల్ల మీద పెట్టేశాడు.

“ఇది సరైనదే కదయ్యా. గడువు కూడా ఉంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“కాగితం సరైనదే సార్. నేను కాదు. మళ్ళీ పరీక్ష రాస్తాను.”

గొట్టాలు మార్చి బాయిలర్ మళ్ళీ వెలిగించడానికి రెండు నెలలు పడుతుందని, ఈలోగా పోలమ్మని అటెండెంటు పరీక్షకి పంపుతామని జగ్గారావు చెప్పాడు. దరఖాస్తుకి అనుభవ వివరాలు కావాలి. వాటికోసం హైమ మూడు మధ్యాహ్నాలు బూడిద గుంట పక్కన పీట వేసుకుని కూర్చుంది.

“నా బతుకులో రాసీదేటుందమ్మా? బూడిదెత్తినాను. అంతే.”

“ఎలా ఎత్తావో చెప్పు పోలమ్మత్తా. మంట ఎలా ఉందో బూడిద చూసి తెలుస్తుందా?”

“తెల్లగుంటే సరిగా కాలినట్టు. నల్లపెళ్ళలుంటే గాలి సాలనట్టు. అది ఎవరికెరిక లేదూ?”

“ఎవరికీ ఎరిక లేదు. చెప్పు.”

హైమ రాసుకుంది. ఈసారి ఎంతమంది, ఎన్ని నిమిషాలు అని అడగలేదు. ఎలా, ఎందుకు అని అడిగింది. గొప్ప పని ఏదో వెతకలేదు. రోజూ చేసే పని రాసింది. మూడు పేజీలైంది. ఆరు సెకన్లలో చదవలేని రెజ్యూమే. కింద ఒక వాక్యం చేర్చింది. ‘అడిగితే చేసి చూపిస్తుంది.’

ఒకటే చిక్కు. పోలమ్మకి చదవడం రాదు. పరీక్ష నోటితోనే అయినా, అందులో అడిగేదంతా పుస్తకంలో ఉంది. సన్యాసిరావుకి చదవడం వచ్చు. చదివింది ఒంటికి పట్టడం లేదు. ఇద్దరూ రోజూ మధ్యాహ్నం చల్లారిన బాయిలర్ ముందు పుస్తకం పెట్టుకుని కూర్చుంటున్నారు. ఆయన ప్రశ్న చదువుతాడు. ఆమె జవాబు చెబుతుంది. ఆయన దాన్ని నోట్‌బుక్‌లో రాసుకుంటాడు, ‘నా నాయకత్వంలో’ లాంటి మాటలేవీ లేకుండా.

“గేజి గ్లాసులో నీటిమట్టం కనపడనప్పుడు చేయకూడని పని?”

“నీళ్ళు ఎక్కించకూడదు.”

ఆయన రాసుకున్నాడు. పెన్ను ఆపాడు.

“ఎందుకప్పా? రాసుకున్నాను, బట్టీ పట్టాను. పరీక్షలో సెప్పీగలను. లోపల మాత్రం ఇంకా ఎయ్యమనే అంటోంది.”

పోలమ్మ లేచింది. యార్డు మూలన వెల్డర్లు పెట్టుకున్న బొగ్గుల కుంపటిలో ఒక పాత ఇనుప రేకు పడేసి, అది ఎర్రగా కాలేదాకా ఊదింది. పట్టుకారుతో తీసి నేల మీద పెట్టి, లోటాతో నీళ్ళు ఆయన చేతికిచ్చింది.

“పొయ్యి. కొంచెవే. మొకం దూరం పెట్టు.”

సన్యాసిరావు పోశాడు. నీళ్ళు రేకుని తాకగానే తుపాకీ పేలినట్టు చప్పుడైంది. తెల్లటి ఆవిరి ఆయన మొహం మీదికి లేచింది, రేకు విల్లులా వంగి ఎగిరి పక్కకి పడింది. ఆయన రెండడుగులు వెనక్కి గెంతాడు. చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

“అదీ,” అంది పోలమ్మ. “గుప్పెడు నీళ్ళకి. లోపల ఎంత ఇనుముందో సూసుకో.”

సన్యాసిరావు వంగిన రేకుకేసి, తర్వాత బాయిలర్ కేసి చూశాడు. చొక్కా చేతులు పైకి మడిచి, పట్టుకారు తనే అందుకుని, రేకుని మళ్ళీ కుంపట్లో పెట్టాడు.

“మళ్ళీ పోస్తానప్పా,” అన్నాడు.